కౌమారంలో కుంగుబాటు, నేర ప్రవర్తన: సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతం

కౌమార వయసులో కుంగుబాటు, నేర ప్రవర్తన తరచూ ఒకే పిల్లవాడిలో కలిసి కనిపిస్తాయి. దొంగతనం, కొట్లాట, మత్తు, ఇల్లు విడిచి పారిపోవడం, వస్తువులు పగలగొట్టడం, బడి ఎగ్గొట్టడం వంటివన్నీ ఇక్కడ నేర ప్రవర్తన కిందికే వస్తాయి. వీటిలో కొన్ని చట్టం దృష్టిలో నేరాలు, కొన్ని ఊరి దృష్టిలో మాత్రమే తప్పులు. ఆంగోల్డ్, కాస్టెలో, ఎర్కాన్లీ అనే పరిశోధకులు అంతవరకు సామాన్య జనంలో జరిగిన సర్వేలను కలిపి 1999లో లెక్కకట్టారు. కుంగుబాటు, ప్రవర్తనా రుగ్మతలు జతపడే సంభావ్యతా నిష్పత్తి 6.6గా తేలింది. అంటే ఈ రెండూ యాదృచ్ఛికంగా కలిసినవి కావు. అయితే ఈ అంకెను తిరగేసి చదవకూడదు. కుంగిపోయిన పిల్లల్లో అత్యధికులు ఎవరి జోలికీ పోరు. దుప్పటి కప్పుకుని గదిలో పడుకుంటారు, మార్కులు తగ్గితే తప్ప ఎవరి కంటా పడరు.

మిగిలిన కొద్దిమంది మాత్రం కంటపడతారు. వాళ్లు చేసిన పని కనపడుతుంది గానీ వాళ్ల దిగులు కనపడదు. ఒకే కుర్రాడి గురించి కాలేజీలో ఒక ఫైలు, పోలీసుస్టేషన్లో ఒక ఫైలు, ఆసుపత్రికి తీసుకెళ్లినవారుంటే అక్కడొక చీటీ ఉంటాయి. ఆ మూడూ ఒకచోట చేరడం చాలా అరుదు. ఉమ్మడి నల్లగొండ జిల్లాలోని ఈ మూడు పట్టణాల్లో సమస్య ముడి అక్కడే ఉంది.

ప్రాంత నేపథ్యం

2016 అక్టోబరు 11న నల్లగొండ జిల్లాను విడగొట్టినప్పుడు సూర్యాపేట కొత్త జిల్లా కేంద్రమైంది. కోదాడ అందులోకి వచ్చింది, మిర్యాలగూడ నల్లగొండలోనే ఉండిపోయింది. సూర్యాపేట, కోదాడ పట్టణాలు హైదరాబాదు నుంచి విజయవాడ వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారి మీద ఉన్నాయి. కోదాడ దాటితే ఆంధ్రప్రదేశ్ సరిహద్దు. మిర్యాలగూడ నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీటితో, వడ్లతో, రైసుమిల్లులతో పెరిగిన ఊరు. చుట్టూ లంబాడా తండాలున్నాయి, మిల్లుల్లో బీహారు నుంచి వచ్చిన కూలీలున్నారు.

ఈ మూడు ఊళ్లకూ ఒక పోలిక ఉంది. చదువు మానేసిన పదిహేనేళ్ల కుర్రాడికి ఇక్కడ మర్నాడే పని దొరుకుతుంది. మెకానిక్ షెడ్డు, పంక్చర్ కొట్టు, హైవే దాబా, లారీ మీద క్లీనర్ పని, ఫంక్షన్లకు కేటరింగ్, ఏదో ఒకటి ఉంటుంది. 2016లో సవరించిన బాల కార్మిక చట్టం పద్నాలుగేళ్ల లోపువారిని ఏ పనిలోనూ, పద్నాలుగు నుంచి పద్దెనిమిది మధ్యవారిని ప్రమాదకరమైన పనుల్లోనూ పెట్టుకోకూడదంటుంది. ఏటా జనవరిలో ఆపరేషన్ స్మైల్, జులైలో ఆపరేషన్ ముస్కాన్ పేరిట పోలీసులు, కార్మిక శాఖ, బాలల సంరక్షణ సిబ్బంది షెడ్లు, బట్టీలు, హోటళ్లు తిరిగి పిల్లల్ని బయటికి తెస్తారు. కానీ పని దొరకడమే ఒక విధంగా ఇబ్బందవుతోంది. బడి మానడం కుంగుబాటుకు తొలి గుర్తు కావచ్చు. వాడు మర్నాటి నుంచి సంపాదిస్తుంటే ఎందుకు మానేశాడని అడిగేవాళ్లుండరు. నెల జీతం ఇంట్లో ఇచ్చినంతకాలం వాడు బాగానే ఉన్నట్టు లెక్క.

దేశం మొత్తం మీద 2015-16లో నిమ్హాన్స్ జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 13 నుంచి 17 ఏళ్ల వారిలో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉందని తేల్చింది. ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో తెలంగాణ గానీ ఆంధ్రప్రదేశ్ గానీ లేవు. అందువల్ల ఈ జిల్లాల గురించి మాట్లాడేటప్పుడు ఆ అంకెను సుమారు అంచనాగానే తీసుకోవాలి.

దిగులు కోపంగా బయటపడటం

అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో వెలువరించిన అయిదో నిర్ధారణ గ్రంథం ప్రకారం, తొమ్మిది లక్షణాల్లో కనీసం అయిదు రెండు వారాల పాటు కలిసి ఉంటే దాన్ని కుంగుబాటుగా గుర్తిస్తారు. మనసు బాగుండకపోవడమో, దేనిమీదా ఆసక్తి లేకపోవడమో వాటిలో తప్పక ఉండాలి. పిల్లలు, కౌమారుల విషయంలో అదే గ్రంథం ఒక మినహాయింపు ఇచ్చింది. విచారం కనిపించకపోయినా ఎడతెగని చిరాకు ఉంటే చాలు. ఈ ఒక్క వాక్యం ఇంటింటా తెలిసి ఉంటే చాలా గొడవలు వేరే దారి పట్టేవి. తాత పోయాక నానమ్మ తిండి మానేస్తే మనాది పెట్టుకుందని ఇంటిల్లిపాదికీ అర్థమవుతుంది. అదే ఇంట్లో పదహారేళ్లవాడు తిండి మానేసి తలుపు ధడాల్న వేసుకుంటే పొగరంటారు.

మానసిక వైద్యుడి గదిలో ఇది ఇంచుమించు ఒకే తీరున జరుగుతుంది. ముందు తండ్రి మాట్లాడతాడు. మాట వింటలేడు, కాలేజీకి పోతలేడు, ఏమన్నంటే మీదమీదికి వస్తుండు, మొన్న జేబులోంచి పైసలు తీసిండు అని చెప్తాడు. కుర్రాడు నేల చూపులు చూస్తుంటాడు. తండ్రిని బయట కూర్చోబెట్టాక ప్రశ్నలు మారతాయి. రాత్రి ఎన్నింటికి నిద్ర పడుతోంది, తెల్లారుజామునే మెలకువ వస్తోందా, చదివింది బుర్రకెక్కుతోందా, సాయంత్రం గ్రౌండుకు పోవడం ఎప్పటినుంచి మానేశావు, బతకడం దండగ అనిపించిందా? చివరి ప్రశ్న అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని చాలామంది జంకుతారు. అడగడం వల్ల ప్రమాదం పెరగదు, చెప్పుకునే వీలు దొరుకుతుంది. జవాబులు పొడిగా వస్తాయి. "ఏమనిపిస్తలే సార్" అనే మాట ఆ గదిలో వైద్యులు తరచూ వింటారు. పైసలు తీసిన తేదీ కంటే గ్రౌండు మానేసిన నెల వైద్యుడికి ఎక్కువ పనికొస్తుంది.

ఇలాంటి పిల్లల గురించి కర్ట్ గ్లేజర్ 1967లో ముసుగు కుంగుబాటు అనే భావనను ముందుకు తెచ్చాడు. బడికి ఎగనామం, దురుసుతనం, తలనొప్పి, కడుపునొప్పి, ఇవన్నీ లోపలి దిగులుకు ముసుగులని ఆయన వాదన. కొంతకాలం అది బాగా చలామణీ అయింది. మరీ అయింది కూడా, ఏ అల్లరికైనా కుంగుబాటే కారణమని చెప్పే వీలు కలిగింది. తర్వాత వైద్యులు దాన్ని పక్కన పెట్టారు. నేరుగా, ఓపికగా అడిగితే దిగులు ముసుగేమీ లేకుండానే బయటపడుతుందని వాళ్లకు అనుభవంలో తెలిసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పదో వ్యాధుల వర్గీకరణలో రెండూ కలిసిన స్థితికి ఎఫ్ 92.0 అని ప్రత్యేక సంకేతం ఇచ్చి, కుంగుబాటుతో కూడిన ప్రవర్తనా రుగ్మతగా చూపింది.

ఏది ముందు

లండన్ చైల్డ్ గైడెన్స్ క్లినిక్‌కు వచ్చిన 44 మంది దొంగ పిల్లల గురించి జాన్ బౌల్బీ 1944లో రాసిన అధ్యయనం ఈ రంగంలో తొలి మైలురాళ్లలో ఒకటి. ఆ 44 మందిలో 14 మందిని ఎవరిమీదా మమకారం లేనివారిగా ఆయన విడదీశాడు. వారిలో 12 మంది చిన్నతనంలో తల్లికి చాలాకాలం దూరమైనవారు. జనం గుర్తుపెట్టుకున్నది ఈ 14 మందినే. అదే పట్టికలో ఇంకో 9 మంది పిల్లల్ని ఆయన కుంగుబాటు ఉన్నవారిగా చూపిన సంగతి పెద్దగా ఎవరూ చెప్పుకోరు. డొనాల్డ్ వినికాట్ 1956లో ఇంకొంచెం ముందుకు వెళ్లి, దొంగతనం చేసే పిల్లవాడిలో ఇంకా ఆశ మిగిలే ఉందన్నాడు. తనకు దక్కాల్సింది ఎక్కడో ఉందని నమ్మకం ఉన్నవాడే చెయ్యి చాస్తాడని ఆయన భావం. సిద్ధాంతంగా ఇది అందంగానే ఉంటుంది గానీ బండి పోగొట్టుకున్నవాడికి చెప్పి చూడాలంటే ధైర్యం కావాలి.

మన పట్టణాలకు బాగా నప్పేది 1990ల మొదట్లో జెరాల్డ్ ప్యాటర్సన్, డెబొరా కపాల్డీ ఆరెగాన్‌లోని అబ్బాయిల మీద చేసిన పరిశీలన. దాన్ని వైఫల్య నమూనా అంటారు. మొదట దురుసుతనం ఉంటుంది. దానివల్ల టీచర్లు దూరం పెడతారు, తోటి పిల్లలు కలుపుకోరు, చదువు దెబ్బతింటుంది, ఇంట్లో రోజూ తిట్లు. ఇన్ని వైపుల ఓటమి పోగయ్యాక దిగులు దిగుతుంది. బయటికి తోసినవాడిని కలుపుకునేది తనలాగే బయట ఉన్నవాళ్లే, అందుకే సావాసం మారుతుంది. ఇక్కడ ప్రవర్తన ముందు, కుంగుబాటు తర్వాత. రాబర్ట్ ఆగ్న్యూ 1992లో చెప్పిన ఒత్తిడి సిద్ధాంతం ఇంకో వైపు నుంచి వస్తుంది. అవమానం, అన్యాయం, నష్టం మనిషిలో కోపాన్నో నిరాశనో పుట్టిస్తాయి, నేరం దాన్ని దించుకునే మార్గాల్లో ఒకటి. ఏళ్ల తరబడి పిల్లల్ని వెంబడించిన అధ్యయనాల్లో రెండు దారులూ కనిపించాయి. రెంటికీ ఉమ్మడి వేళ్లున్న పిల్లలూ ఉన్నారు. తాగొచ్చి కొట్టే తండ్రి, అప్పులు, తల్లికే ఉన్న చికిత్స లేని దిగులు ఆ వేళ్లలో ముఖ్యమైనవి.

తెలంగాణలో చదువు ఓటమికి ఒక తేదీ ఉంటుంది, అది ఇంటర్ ఫలితాల రోజు. 2019 ఏప్రిల్ 18న ఫలితాలు వచ్చాక మార్కుల నమోదులో తప్పులు బయటపడ్డాయి. ఇరవై మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. ఫెయిలైన వారందరి జవాబు పత్రాలనూ రుసుము లేకుండా మళ్లీ పరిశీలించాల్సి వచ్చింది. రాష్ట్రం ఆ మరణాలను గుర్తుపెట్టుకుంది. అదే వారంలో ఇల్లు విడిచి బస్టాండులో తేలినవాళ్లు, ఫీజు డబ్బుతో పారిపోయినవాళ్లు, మత్తు మొదలుపెట్టినవాళ్లు ఏ లెక్కలోకీ రాలేదు. జాతీయ నేర గణాంక సంస్థ 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థుల ఆత్మహత్యలను ఒక పుస్తకంలో, బాలల మీద నమోదైన 30,555 కేసులను ఇంకో పుస్తకంలో అచ్చువేసింది. రెండో పుస్తకంలో పట్టుబడిన పిల్లవాడి చదువుకు, కుటుంబానికి పట్టికలున్నాయి. అత్యధికులు తల్లిదండ్రుల దగ్గరే ఉంటున్నవారని కూడా వాటిలో తెలుస్తుంది. మనసు సంగతికి మాత్రం గడి లేదు.

పట్టుబడ్డాక

2015 బాల న్యాయ చట్టం 2016 జనవరి 15న అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండనివాడు నేరస్తుడు కాడు, చట్టంతో ఘర్షణ పడిన బాలుడు. వాడిని లాకప్పులో పెట్టకూడదు, 24 గంటల్లో బాల న్యాయ మండలి ముందుంచాలి. మండలిలో ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉంటారు, ఆ ఇద్దరిలో ఒకరైనా మహిళ కావాలి. ఘోర నేరమైనా, పెద్దలతో కలిసి చేసిందైనా తప్ప ఎఫ్ఐఆర్ రాయరు, డైరీలో నమోదు చేసి సామాజిక నేపథ్య నివేదిక పంపుతారు. పిల్లవాడి పేరు, ఫొటో బయటపెట్టడం నేరం.

ఇంతలో ప్రొబేషన్ అధికారికి పని మొదలవుతుంది. పదిహేను రోజుల్లో ఆయన సామాజిక దర్యాప్తు నివేదిక ఇవ్వాలి. 2016 నమూనా నియమాల్లోని ఆరో ఫారం అది. ఇంట్లో ఎవరెవరున్నారు, ఎవరు ఏం సంపాదిస్తారు, ఎందుకు బడి మానేశాడు, ఎవరితో తిరుగుతాడు, ఏమేం అలవాట్లున్నాయి అంటూ సాగి, చివరికి విచారణ ఫలితం కింద ఉద్వేగ అంశాలు, శారీరక స్థితి, తెలివితేటలు, సంప్రదించిన నిపుణుల అభిప్రాయం అనే గడులు వస్తాయి. కుంగుబాటును చట్టం పట్టుకోగలిగిన చోటు ఏదైనా ఉంటే అది ఈ గడే. ఒక ఇల్లు, ఒక పలకరింపు, తల్లి చెప్పిన నాలుగు మాటలతో దాన్ని నింపాలి. ఇక్కడ ఒక పూర్తి పేరా రాస్తే మండలి సలహా చెప్పి పంపే కేసులో కౌన్సెలింగ్ ఉత్తర్వు కూడా ఇవ్వగలదు. సాధారణం అని రాస్తే కుర్రాడి మనసు గురించి ఇంకెవరూ అడగరు.

గంజాయి కేసుల్లో ఈ గడి ఎంతగా తేడా తెస్తుందో చూడవచ్చు. ఆంధ్ర-ఒడిశా సరిహద్దు కొండల నుంచి హైదరాబాదు వైపు సాగే రవాణాకు ఖమ్మం, కోదాడ, సూర్యాపేటల మీదుగా వెళ్లే రోడ్లు వాడుకలో ఉన్నాయి. ఈ రోడ్ల మీది తనిఖీ కేంద్రాల దగ్గర పట్టివేత వార్తలు మామూలైపోయాయి. బ్యాగు మోసేందుకు కుర్రాళ్లనే చూసుకుంటారు. వాళ్లను ఎవరూ అనుమానించరు, డబ్బు కాస్త ఇస్తే చాలు, కొందరు ముందే దానికి అలవాటు పడి ఉంటారు. దిగులుతో నిద్ర పట్టనివాడికి గంజాయి మొదట మందులా అనిపిస్తుంది, కొన్నాళ్లకు అదే దిగులును పెంచుతుంది. బాల న్యాయ చట్టం 78వ సెక్షన్ ప్రకారం మత్తు పదార్థాలు మోయించడానికి పిల్లల్ని వాడుకున్నవారికి ఏడేళ్ల వరకు కఠిన జైలు. ఆ సెక్షన్ కంటే పిల్లవాడికి తగిలే సెక్షన్లే ఎక్కువ వినిపిస్తాయి. 20 కిలోలు మించితే అది వాణిజ్య పరిమాణం, కనీస శిక్ష పదేళ్లు. కనీసం ఏడేళ్లు శిక్షపడే నేరం ఏదైనా ఘోర నేరం కిందికి వస్తుంది కాబట్టి, పదహారు నిండినవాడు అంత బరువు మోస్తూ దొరికితే 15వ సెక్షన్ కింద ప్రాథమిక మదింపు జరుగుతుంది. వాడిని పెద్దవాడిలా విచారించాలా అన్నది అక్కడ తేలుస్తారు.

ఆ మదింపులో చూడమన్నవి నేరం చేయగల మానసిక, శారీరక సామర్థ్యం, పర్యవసానాలు తెలుసుకోగల శక్తి, నేరం జరిగిన పరిస్థితులు. బరుణ్ చంద్ర ఠాకూర్ కేసులో 2022 జులై 13న సుప్రీంకోర్టు, మండలిలో బాలల మనస్తత్వ శాస్త్రం చదివినవారు లేకపోతే మనస్తత్వ నిపుణుల సాయం తీసుకోవడం తప్పనిసరి అంది. అది మంచి తీర్పు. చిక్కల్లా ప్రశ్నలోనే ఉంది. కుంగిపోయినవాడికి సామర్థ్యం ఉంటుంది, పర్యవసానం తెలుస్తుంది కూడా. ఏమైతే నాకేంటి అన్న స్థితిలో ఉంటాడంతే. కాబట్టి మొదటి రెండు ప్రశ్నలకు అవును అనే జవాబు వస్తుంది. కుంగుబాటుకు చోటు దొరికేది మూడోదైన పరిస్థితుల కిందే, దాన్ని నిపుణుడు విడిగా రాస్తేనే.

ఇక ఈ ఊళ్లలో రోజూ కనిపించే తప్పులు ఇంత పెద్దవి కావు. ముగ్గురెక్కిన బైకు, లైసెన్సు లేకుండా హైవే మీద పందెం. ఇందుకు 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం సంరక్షకుడికి మూడేళ్ల వరకు జైలు, 25 వేల జరిమానా పెట్టింది. ఇంకోటి ఫోనులో బెట్టింగు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లోనే నిషేధించింది. ఆట ఆగలేదు, ఇంట్లో బంగారం పోవడం ఆగలేదు. ఓడినవాడి అప్పు, భయం, సిగ్గు కలిస్తే కుంగుబాటు కొద్ది వారాల్లోనే ముదురుతుంది. ఇక్కడ ప్రాణాపాయం కూడా ఎక్కువ.

ఆడపిల్లలు

ఫాజెల్, డోల్, లాంగ్‌స్ట్రోమ్ 2008లో వివిధ దేశాల్లోని బాల నిర్బంధ కేంద్రాల మీద వచ్చిన 25 సర్వేలను కలిపి చూశారు. అబ్బాయిల్లో 10.6 శాతం మందికి, అమ్మాయిల్లో 29.2 శాతం మందికి తీవ్ర కుంగుబాటు ఉంది. నిర్బంధం దాకా వచ్చే అమ్మాయిలు తక్కువ, వచ్చినవారి గాయం పెద్దది.

మన దగ్గర అమ్మాయి ఇల్లు దాటితే అది మొదట మిస్సింగ్ కేసు, తర్వాత పోక్సో కేసు. పదిహేడేళ్ల అమ్మాయి, పదిహేడేళ్ల అబ్బాయి కలిసి వెళ్లిపోతే 2012 నాటి ఆ పోక్సో చట్టం ఆమెను బాధితురాలిగా, అతన్ని చట్టంతో ఘర్షణ పడినవాడిగా చూస్తుంది. ఇద్దరూ పిల్లలే అన్న మాట చట్టానికి తెలియనిది కాదు గానీ కులం, పరువు కలిసిన ఇంటి కోపం ముందు అది నిలబడదు. ఆ అమ్మాయి ఎందుకు వెళ్లిందని అడిగితే ప్రేమ అని చెప్తారు. పెళ్లి కుదిర్చి చదువు ఆపించిన ఇంట్లో ఆమె అంతకు ముందు ఆరు నెలలు ఎలా ఉందన్నది ఎవరూ అడగరు.

చికిత్స, సేవలు

రోడీ, ఆయన సహచరులు 2004లో అమెరికాలో కుంగుబాటు, ప్రవర్తనా రుగ్మత రెండూ ఉన్న 93 మంది కౌమారులపై ఒక ప్రయోగం చేశారు. కొందరికి కుంగుబాటును ఎదుర్కొనే బృంద శిక్షణ ఇచ్చారు, మిగిలినవారికి జీవన నైపుణ్యాలు, చదువు సాయం. శిక్షణ ముగిసేసరికి మొదటి బృందంలో 39 శాతం, రెండో దాంట్లో 19 శాతం కుంగుబాటు నుంచి బయటపడ్డారు. ప్రవర్తనా రుగ్మత విషయంలో మాత్రం తేడా రాలేదు. దిగులు తగ్గితే దొంగతనం దానంతటదే పోతుందన్న ఆశకు ఇది గట్టి దెబ్బ. తల్లిదండ్రులతో, సావాసంతో, బడితో కలిపి విడిగా పని జరగాలి. మందుల సంగతికొస్తే, అదే ఏడాది వెలువడిన టాడ్స్ ప్రయోగంలో 439 మంది కౌమారుల్లో ఫ్లుయోక్సెటిన్‌కు ఆలోచనా సరళి చికిత్స జోడించినప్పుడు 71 శాతం, మందు ఒక్కటే ఇచ్చినప్పుడు 60.6, చికిత్స ఒక్కటే అయితే 43.2, ఉత్తుత్తి మాత్రతో 34.8 శాతం మెరుగుపడ్డారు. మందు మొదలుపెట్టిన తొలి వారాల్లో ఆత్మహత్య ఆలోచనల మీద కన్నేసి ఉంచాలి. గుణం కనపడటానికి నాలుగైదు వారాలు పడుతుంది, చాలా ఇళ్లలో పది రోజులకే సీసా పక్కన పడేస్తారు.

మన దేశంలో ఈ రెండు సమస్యలనూ ఒకేసారి కదిలించిన ప్రయత్నం బీహారులో జరిగిన సెహర్. 2018లో లాన్సెట్ పత్రికలో వచ్చిన దాని ఫలితాల ప్రకారం, బడికో సాధారణ సలహాదారును పెట్టి బడి వాతావరణం మీద పనిచేయించినప్పుడు పిల్లల్లో కుంగుబాటు తగ్గింది, ఏడిపించడం, కొట్టడం కూడా తగ్గాయి. అదే పని టీచర్లకు అప్పజెప్పిన బడుల్లో ఆ మార్పు రాలేదు. ఇన్విజిలేషన్, ఎన్నికల డ్యూటీ, సర్వేల మధ్య మన సార్లకు ఇంకో బాధ్యత అంటించాలనుకునేవారు ఈ భాగం మళ్లీ చదవాలి.

సూర్యాపేట, నల్లగొండల్లో ప్రభుత్వ వైద్య కళాశాలలు 2019లో మొదలయ్యాయి. అంతకు ముందు ప్రభుత్వ మానసిక వైద్యం అంటే చాలామందికి హైదరాబాదు ఎర్రగడ్డ ఆసుపత్రే, ఆ పేరు చెబితేనే పెళ్లి సంబంధాలు తప్పిపోతాయన్న భయం. ఇప్పుడు జనరల్ ఆసుపత్రిలో మామూలు ఓపీ చీటీ రాయించుకుని వెళ్లవచ్చు. కోదాడ నుంచి సూర్యాపేటకు 45 కిలోమీటర్లు, మిర్యాలగూడ నుంచి నల్లగొండకు దాదాపు అంతే. తండ్రి ఒక రోజు కూలీ వదులుకోవాలి, నెలకోసారి వదులుకోవాలి. ఆత్మహత్యకు ప్రయత్నించినవారిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నవారిగా భావించి సాయం అందించాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెప్తున్నా, కేసవుతుందన్న భయంతో కడుపునొప్పి అని రాయించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

2022 అక్టోబరు 10న మొదలైన టెలి మానస్ 14416 నంబరులో ఏ వేళనైనా తెలుగులో ఉచితంగా మాట్లాడవచ్చు. పిల్లల కోసం 1098 ఉంది. ఇంట్లో గొడవ జరిగిన రోజు ముందుగా లాక్కునేది ఫోన్‌నే కాబట్టి, కాల్ చేయాల్సినవాడి చేతిలో ఆ రాత్రి ఫోన్ ఉండదు. వాడి బదులు తల్లి గానీ, హాస్టల్ వార్డెన్ గానీ, షెడ్డు యజమాని గానీ అదే నంబరుకు చేసి ఏం చేయాలో అడగవచ్చు.